ఈశాన్యం పల్లమైన కారు

చింతలమెట్టలో ప్రయాణ క్షేమ అధ్యయన సంస్థ అని ఒకటుంది. రోడ్డెక్కిన మనిషి క్షేమంగా ఇంటికి చేరడమెలా అన్నది ఆ సంస్థ అధ్యయనం చేస్తుంది. పదకొండేళ్లుగా చేస్తోంది. ఆ అధ్యయనం పుణ్యమా అని ఊళ్లోంచి ఆఫీసుకొచ్చే నాలుగు కిలోమీటర్ల రోడ్డు మీద ఏడు స్పీడ్ బ్రేకర్లు వెలిశాయి. వాటి ఎత్తు ఎంతుండాలన్నది రెండో దశ అధ్యయనంలో తేలాల్సి ఉంది గనక, మొదటి దశలో కాంట్రాక్టరు తనకు తోచినంత ఎత్తు పోసి వెళ్లిపోయాడు.

గొర్లె సత్యంనాయుడు ఆ సంస్థలో సీనియర్ అసిస్టెంటు. అక్కడ ఏ ఉత్తర్వు రాయాలన్నా ఆయనే రాయాలి. ఏనుగును అటెండరుగా నియమిస్తూ ఉత్తర్వు రాయమంటే, "ఏ స్కేలులో సార్?" అని ఒక్క ప్రశ్న అడిగి, పావుగంటలో చక్కగా రాసుకొచ్చే మనిషి. రాసినదాన్ని నమ్మాల్సిన అవసరం లేదని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే గ్రహించాడు. అప్పట్నుంచీ హాయిగా ఉన్నాడు. సూపరింటెండెంటు ప్రమోషను ఇవాళో రేపో అన్నట్టుంది ఆయన పరిస్థితి. ఆ ఇవాళో రేపో మూడేళ్లుగా నడుస్తోంది, అది వేరే సంగతి.

డైరెక్టరు చయనం విశ్వపతి గారికి ఒకటే బెంగ. రాజధానికి బదిలీ కావాలి. నాలుగేళ్లుగా రావడం లేదు. లోపం తనలో ఉందేమోనని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు గనక, ఆయన దాన్ని బిల్డింగులో వెతికారు. సిద్ధాంతి గారి సలహా మీద ముందు మెట్లు పగలగొట్టించారు. ఆనక ఈశాన్యంలో మరుగుదొడ్డి ఏమిటి, అపచారం, అని అదీ కూల్చేయించారు. కొత్తది కట్టడానికి నిధులు మంజూరు కాలేదు. రెండేళ్లుగా గెజిటెడ్ అధికారులతో సహా అందరూ ఎదురుగా ఉన్న పెట్రోలు బంకుకు పోతున్నారు, మూవ్‌మెంట్ రిజిస్టర్లో సంతకం పెట్టి మరీ. అయినా బదిలీ రాలేదు.

ఒక సోమవారం డైరెక్టరు గారు అందర్నీ సమావేశపరిచారు. మొహం వెలిగిపోతోంది.

"కదిలేదాన్ని ఏమంటాం?" అని అడిగారు.

"వాహనం సార్," అన్నారు అందరూ.

"కదలనిదాన్ని?"

"కట్టడం సార్."

"పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా మన ఆవరణలో ముప్పై ఎనిమిది కార్లున్నాయి. కదులుతున్నాయా?"

"లేదు సార్."

"అయితే అవి ఏమిటి?"

అకౌంట్స్ ఆఫీసరు హైమవతి గారు మెల్లగా, "కట్టడాలు సార్," అన్నారు.

"అదీ! ముప్పై ఎనిమిది కట్టడాలు! ఒక్కదానికైనా వాస్తు చూశామా?" అని డైరెక్టరు గారు బల్ల గుద్దారు. "కట్టడానికి ఈశాన్యం పల్లంగా ఉండాలి. మన కార్లకి నాలుగు మూలలూ సమానం. ఎంత ఘోరం! నాయుడూ, రాసుకో."

నాయుడు రాసుకున్నాడు. సాయంత్రానికల్లా ఉత్తర్వు బోర్డు మీదికెక్కింది. "విషయం: కార్యాలయ ఆవరణలో నిలుపు వాహనముల ఈశాన్య మూల పల్లముగా ఉండవలసిన ఆవశ్యకత గురించి. వాహనములన్నియు తూర్పు ముఖముగానే నిలుపవలెను. ఎడమవైపు ముందు చక్రము వద్ద వాహనము మూడంగుళములు దిగి ఉండవలెను. బయట రోడ్డుపై నిలిపి తప్పించుకొను ప్రయత్నము క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించబడును. అమలు బాధ్యత: నోడల్ అధికారిగా శ్రీ జి. సత్యంనాయుడు." తన పేరు తనే రాసుకుని, కింద గీత కూడా గీశాడు మహానుభావుడు.

ఇంటికెళ్లి భార్యకి చెప్పేదాకా ఆయనకి ఆ ఉత్తర్వులో ఏముందో అర్థం కాలేదు.

వరహాలు హైస్కూల్లో తెలుగు టీచరు. ఆర్నెల్ల కిందట వెన్నుకి ఆపరేషనయింది. సెలవులన్నీ అయిపోయాయి, వచ్చే సోమవారం డ్యూటీలో చేరకపోతే ఉద్యోగానికే ఎసరు. బస్సు ఎక్కకూడదు, ఆటో ఊసే ఎత్తకూడదు. కుదుపు తగిలితే మళ్లీ కత్తి తప్పదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. డ్రైవరు పక్క సీటు బాగా వెనక్కి వాల్చి, మెత్తగా నడిచే కార్లో వెళ్లి రావచ్చన్నాడు. ఆ మాట కోసమే నాయుడు పాత కారొకటి కొన్నాడు. స్కూలు ఆఫీసు దార్లోనే. ఇక రోజూ దింపడం, రోజూ ఎక్కించుకోవడం అని లెక్క.

"ఎడమవైపు ముందు చక్రమా?" అంది వరహాలు, విన్నదంతా విని. "అంటే నేను కూర్చునే చోటే కదండీ."

"ఆ."

"ఎవరు రాశారేటి ఆ కాయితం?"

నాయుడు మంచినీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లాడు.

మర్నాడు ఇజ్రాయేలు షెడ్డుకు పోయాడు. ఇజ్రాయేలు ఆ ఊరి మెకానిక్కుల్లో కాస్త నిదానస్తుడు. అప్పటికే ఆఫీసు కార్లు ఎనిమిది షెడ్డు ముందు వరసలో ఉన్నాయి.

"మూడు దార్లున్నాయి నాయుడు గారూ," అన్నాడు ఇజ్రాయేలు. "ఒకటి, గ్రైండరు పెట్టి స్ప్రింగు రెండు చుట్లు కోసేడం. పావుగంట పని, చవక. మీ వాళ్లంతా అదే కోయించుకుంటన్నారు. కాపోతే కోసిన స్ప్రింగుకి మెత్తదనం సచ్చిపోద్ది. గతుకు గతుక్కీ లోపలి రబ్బరుకేసి కొట్టుకుని, ఆ దెబ్బ తిన్నగా సీట్లోకొస్తది."

"ఆ సీట్లో మా ఆవిడ కూర్చుంటుందయ్యా."

"అయితే అది వొద్దు. రెండోది, కొత్త పొట్టి స్ప్రింగు. బానే ఉంటది గానీ కుదుపు తాగే మీ పాత షాకబ్జారు దాంతో వేగలేదు, ఆర్నెల్లకి నూనె కక్కేస్తది. మూడోది ఇదిగో." బల్ల కింద నుంచి ఒకటి తీశాడు. ఒంటినిండా మరలు, నడుమ ఇత్తడి రంగు రింగు. "స్ప్రింగూ షాకబ్జారూ ఒకదానికొకటి కుదిరినవే. ఈ రింగు కిందికి తిప్పితే బండి దిగుద్ది, పైకి తిప్పితే లేస్తది. దెబ్బతిన్న బండిలోంచి తీసింది, కొత్తది కొనక్కర్లేదు. అసలు ఒక్క మూలకే వేయడం నా సర్వీసులో చూళ్లేదనుకోండి. బండి నాలుగు కాళ్ల మీద నిలబడాలి గానీ తపస్సు చేయకూడదు."

నాయుడు దాన్ని చేత్తో పట్టుకుని చూశాడు. మొదటిదానికి నాలుగింతలు ఖరీదు. అయినా రోజువారీ నడిచే బండికి, పక్క సీట్లో వరహాలు కూర్చునే బండికి, ఇది తప్ప వేరే దారి లేదని తేలిపోయింది. "బిగించెయ్," అన్నాడు. ఇన్నేళ్లలో ఎవర్నీ అడక్కుండా ఆయన తీసుకున్న నిర్ణయం ఇదొక్కటే.

శుక్రవారం పరీక్ష జరిగింది. ముప్పై ఎనిమిది కార్లూ తూర్పుకు తిరిగి, ఎడమ భుజం దించుకుని, పెళ్లిలో పెద్దల ముందు వంగిన బంధువుల్లా నిలబడ్డాయి. సిద్ధాంతి గారు ప్రతి కారు నెత్తి మీదా నిమ్మకాయ పెట్టారు. నిమ్మకాయ ఈశాన్యానికి దొర్లితే పాసు. ఒక కారు మీద అది దొర్లకుండా సామాన్ల కడ్డీకి తగులుకుని ఆగిపోయింది. ఆ కారు గల ఇంజనీరుకి, "మీ నిమ్మకాయ నిశ్చలముగా ఉండుటకు కారణము తెలుపవలెను" అని మెమో వెళ్లింది. అదీ నాయుడే రాశాడు.

సోమవారం వరహాలు డ్యూటీలో చేరింది. నాయుడి పద్ధతి సులువు. ఇంటి దగ్గర రింగు పైకి, కారు సమంగా. ఆమెను మెత్తగా స్కూల్లో దించడం. ఆఫీసు ముందు పెట్రోలు బంకులో ఆగి, స్పానరుతో రింగు కిందికి తిప్పి, వినయంగా లోపలికి పోవడం. సాయంత్రం మళ్లీ బంకులో పైకి. వారం తిరిగేసరికి ఈ కిటుకు అందరికీ పాకింది. కోసిన స్ప్రింగులు పారేసి రింగులు వేయించుకున్నారు. పావు తక్కువ పదికల్లా బంకులో గెజిటెడ్ అధికారులు ఇస్త్రీ చొక్కాలతో వరసగా గొంతుక్కూర్చుని స్పానర్లు తిప్పుతుంటే, జనం ఆగి చూసేవాళ్లు. సంస్థ పుట్టాక అందరూ కలిసి చేసిన మొదటి పని అది.

ఆ దృశ్యం డైరెక్టరు గారి కళ్లబడింది.

"సర్దుబాటుకు అవకాశం ఉన్నంత కాలం విధేయతకు హామీ ఉండదు," అన్నారాయన సమావేశంలో. "రింగులన్నీ దించిన స్థితిలో వెల్డింగ్ చేయించి, ఆఫీసు సీలు వేయించండి. ఇంకో ఘోరం కూడా కనిపెట్టాను. సాయంత్రం మీరంతా ఏ దిక్కుకు పోతారు?"

"ఊళ్లోకి సార్. పడమటికి."

"పడమటికి తిరగ్గానే ఆ దిగిన మూల ఎటొస్తుంది? నైరుతికి! నైరుతి పల్లం! పగలంతా పోగేసిన ఫలితం సాయంత్రం మీరే రోడ్డు మీద పారబోస్తున్నారు. ఇక నా బదిలీ ఎలా... అదే, సంస్థ అభివృద్ధి ఎలా?"

"మరి ఇంటికెలా పోవాలి సార్?" అన్నారు హైమవతి గారు.

డైరెక్టరు గారు జాలిగా నవ్వారు. "ముఖం తూర్పుకే ఉంచి పొండి. దానికో గేరు ఉంది కదమ్మా."

రెండో ఉత్తర్వు వెలువడింది. "పడమటి దిశగా ప్రయాణించు వాహనములు తూర్పు ముఖము విడువక, వెనుకకు నడుపబడవలెను." వెల్డింగ్ మనిషి వచ్చాడు. నిప్పురవ్వలు లేస్తుంటే నాయుడు పక్కన నిలబడి చూశాడు. తన కారు రింగు మీద ఎర్ర లక్క సీలు తనే వేశాడు, నోడల్ అధికారి కదా మరి.

ఆ సాయంత్రం ముప్పై ఎనిమిది కార్లు వరసగా వెనక్కి నడుస్తూ ఊళ్లోకొచ్చాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. అద్దంలోంచి ఉత్తర్వు చూపించారు. పైన "ప్రయాణ క్షేమ" అని ఉండటం చూసి సెల్యూట్ కొట్టి, మిగతా ట్రాఫిక్కుని ఆపేశాడు. వారం గడిచేసరికి ఊళ్లో ఆఫీసుకు సంబంధం లేనివాళ్లు కూడా ఎడం పక్క దించిన బళ్లలో వెనక్కి పోవడం మొదలెట్టారు. ఇంత పెద్ద సంస్థ ఊరికే చేయదు, ఏదో పరిశోధన ఉంటుంది అన్నారు. ఒక బట్టల షాపు వాళ్లు తెలివిగా ప్రవేశద్వారం వెనక్కి మార్చుకున్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. వరహాలు నవ్వలేదు. వెనక్కి నడిచే కార్లో ఆమె ముఖం స్కూలు వైపే ఉండేది. ఇంటికి నడిచిపోయే పిల్లలు ఎదురుగా కనిపించేవాళ్లు. కారు కన్నా వాళ్లే గబగబా నడుస్తూ, "టీచర్! టాటా!" అనేవాళ్లు. ఆమె పెదవి బిగబట్టి చెయ్యి ఊపేది. నాయుడు మెడ వెనక్కి తిప్పి నడిపేవాడు గనక ఆమె ముఖం ఆయనకి కనబడేది కాదు. వెనక్కి నడపడం మొదలైన మూడోనాడు నాలుగో స్పీడ్ బ్రేకరు దగ్గర కారు ఎడం మూల దభీమని కూలబడింది. "అమ్మా!" అని ఒక్క కేక పెట్టింది వరహాలు.

ఇంటికొచ్చి మంచం మీద పక్కకి తిరిగి పడుకుంది. ఆయన తలవైపు నిలబడ్డాడు.

"ఏవండీ, ఆ కాయితం ఉందా?"

"ఉంది."

"ఓసారి చదవండి."

చదివాడు. ఉపోద్ఘాతం, విషయం, సూచిక, అన్నీ. ఆమె కళ్లు మూసుకుని వింది. తెలుగు టీచరు కదా, తప్పులు వెతుకుతుందేమో అనుకున్నాడు.

"బాగా రాశారు," అంది. "ఎక్కడా తప్పు లేదు. నేనే లేను ఇందులో."

నాయుడికి ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్ల మనిషి, గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఎవరి మీద కోప్పడాలో వెతికితే, చివర్న ఉన్న సంతకాలు రెండే. డైరెక్టరు గారిదొకటి, తనదొకటి. డైరెక్టరు గారి మీద కోపం సులువుగానే వచ్చింది. రెండోదాని దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాడు.

మర్నాడు ఎవరూ అడక్కుండానే ఒక నోటు పెట్టాడు.

"పరిశీలనార్థం సమర్పించడమైనది. కట్టడము అనగా ఒకేచోట దీర్ఘకాలము కదలక నిలిచి ఉండునది అని కార్యాలయము నిర్వచించియున్నది. ఈ నిర్వచనము ప్రకారము కార్యాలయములో అత్యంత దీర్ఘకాలము కదలక ఉన్న కట్టడము గౌరవ డైరెక్టరు గారి కుర్చీ (నాలుగు సంవత్సరముల రెండు నెలలు). సదరు కుర్చీ తూర్పు ముఖముగా ఉన్నప్పటికీ, దాని ఈశాన్య కాలు మిగతా కాళ్లతో సమానముగా ఉన్నది. వాహనములు సరిచేసినను ఫలితము రాకపోవుటకు ఇదియే కారణము కావచ్చును. సదరు కాలిని మూడంగుళములు కోయు విషయమై ఉత్తర్వులు కోరడమైనది."

ఇన్నేళ్లలో ఆయన మనసు పెట్టి రాసిన మొదటి నోటు అదే.

డైరెక్టరు గారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంత లోతుగా ఆలోచించే ఉద్యోగి నా కిందే ఉండి, ఇన్నాళ్లూ గుర్తించలేకపోయాను నాయుడూ," అని వడ్రంగికి కబురు పెట్టారు. కుర్చీ కాలు కోశారు. దాని మీద నిమ్మకాయ పెట్టి చూశారు. టక్కున ఈశాన్యానికి దొర్లి బల్ల కిందికి పోయింది. చప్పట్లు కొట్టారు.

డైరెక్టరు గారు ఆ కుర్చీలో పదహారు రోజులు కూర్చున్నారు. ఎడమకు జారిపోకుండా కుడికాలు నేలకి తన్నిపెట్టి, కుడిచేత్తో బల్ల పట్టుకుని, ఎడంచేత్తో సంతకాలు పెట్టారు. పదిహేడో రోజు లేవబోయారు. నడుము పట్టేసి లేవలేకపోయారు. నలుగురు పట్టుకుని అదే వంపులో ఆయన్ని కార్లోకి చేర్చారు. ఆసుపత్రి ఊళ్లో ఉంది, అంటే పడమట. డ్రైవరు ఉత్తర్వు ప్రకారం వెనక్కి పోనిచ్చాడు. ఏడు స్పీడ్ బ్రేకర్లూ దాటేసరికి డైరెక్టరు గారు దేవుళ్లందర్నీ పిలిచేసి, మళ్లీ మొదటి దేవుడి దగ్గరికొచ్చారు.

నాయుడు ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ చూస్తున్నది వరహాలుకి ఆపరేషను చేసిన డాక్టరే. "కుదుపు తగలకూడదు," అని చెప్పి వెళ్లిపోయాడు.

"రాసుకో," అన్నారు డైరెక్టరు గారు, బోర్లా పడుకునే. "డైరెక్టరు వాహనమునకు మినహాయింపు."

"ఒక్కరికే అంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది సార్. సాధారణ ఉత్తర్వులా ఉండాలి."

"ఏదో ఒకటి రాయవయ్యా, ప్రాణం పోతోంది!"

నాయుడు అక్కడే రాశాడు. "వైద్యుని ధ్రువపత్రము ప్రకారము నడుము నొప్పి గల అధికారి, ఉద్యోగి లేదా వారి వాహనములో ప్రయాణించు కుటుంబ సభ్యులు ఉన్నచో, సదరు వాహనములు మినహాయించబడును." కళ్లజోడు లేకుండానే డైరెక్టరు గారు సంతకం గిలికారు.

మర్నాడు మధ్యాహ్నానికి ముప్పై ఏడు దరఖాస్తులు వచ్చాయి. ఒక్కటీ దొంగ సర్టిఫికెట్ కాదు. నెల రోజులు ఆ కార్లలో తిరిగాక అందరి నడుములూ నిజంగానే పోయాయి. ఇజ్రాయేలు వెల్డింగులు విరగ్గొట్టి రింగులు పైకి తిప్పాడు. వరహాలు మళ్లీ సమంగా నిలిచిన కార్లో స్కూలుకి పోసాగింది. ఉత్తర్వు మాత్రం రద్దు కాలేదు. పూర్తిగా అమల్లో ఉందనీ, ఉల్లంఘనలు శూన్యమనీ వార్షిక నివేదికలో చేరింది.

పది రోజులకి డైరెక్టరు గారికి బదిలీ వచ్చింది. రాజధానికే. నడుము నొప్పికి అక్కడ పెద్దాసుపత్రి ఉందని, ఆరోగ్య కారణాల మీద పెట్టుకున్న అర్జీ వెంటనే మంజూరయింది.

"ఫలించిందయ్యా నాయుడూ!" అన్నారాయన, బెల్టు కట్టుకుని నిటారుగా నిలబడి. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాలుగేళ్లు రానిది, కుర్చీ కాలు కోసిన నెల తిరక్కుండానే వచ్చింది. శాస్త్రం అబద్ధమాడదు. ఇక దీన్ని రాష్ట్రమంతటా అమలు చేస్తాం. ముందు హైస్కూళ్లు. పిల్లల బెంచీలు, టీచర్ల కుర్చీలు, అన్నిటికీ ఈశాన్య కాలు. నిన్ను సూపరింటెండెంటుని చేసి, రాష్ట్ర నోడల్ అధికారిగా నాతో తీసుకుపోతున్నా. మొదటి ఉత్తర్వు నీ చేత్తోనే రాయాలి."

ప్రమోషను కాయితం ఆయన చేతిలోనే ఉంది. నాయుడు దాన్ని అందుకుని ఒకటికి రెండుసార్లు చదివాడు. తన పేరు, కొత్త హోదా, అన్నీ ఉన్నాయి. మూడేళ్లుగా కలలో చూసిన కాయితం. "టీచర్ల కుర్చీలు సార్?" అని మాత్రం అడిగాడు. "అవే ముందు," అన్నారు డైరెక్టరు గారు ఉత్సాహంగా.

తన బల్ల దగ్గరికి వచ్చి, ప్రమోషను వద్దనుకునేవాళ్లు నింపే ఫారం అడిగి తెచ్చుకున్నాడు. ఆ ఫారం అడిగినవాళ్లు ఆఫీసులో ఇంతవరకూ లేరట, బీరువా అడుగున దొరికింది. పేరు, హోదా, సర్వీసు నింపాడు. "ప్రమోషను నిరాకరించుటకు కారణములు" అన్న చోట కలం ఆగింది. ఎప్పుడూ రాసే "వ్యక్తిగత కారణముల వల్ల" అన్న మాట వేలి కొసదాకా వచ్చింది. రాయబుద్ధి కాలేదు. కాసేపాలోచించి, మొదటి కారణం: నా భార్య నడుము నొప్పి, అని రాశాడు. రెండో కారణం: నాకు సిగ్గు, అని రాశాడు. సంతకం పెట్టి పంపేశాడు.

ఐదు రోజులకి ఆ ఫారం రాజధాని నుంచి వెనక్కి వచ్చింది. మొదటి కారణము నమోదు చేసుకోబడినదని, రెండవ కారణమునకు వైద్య ధ్రువపత్రము జతపరచి తిరిగి సమర్పించవలెనని ఎర్ర సిరాతో రాసి ఉంది.